తలుపు దగ్గర చెప్పిన పేరు

ఎల్వా బ్రూబేకర్‌ని పోయినవారం వంటింటి కిటికీ దగ్గర వదిలేశాం. బిషప్ అమోస్ గుర్రపుబండి మలుపు తిరిగి తమ దారిలోకి రావటం చూసి, సగం చెక్కు తీసిన ఆపిల్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆమె భయమేమిటో చదువుతున్నవాళ్ళకు తెలుసు. స్టోనీ రన్ సంఘంలో ముసలి బోధకుడు పోయాడు. కొత్తవాణ్ణి ఎంచుకోవటానికి అంతకుముందు ఆదివారం ఆడా మగా వరసగా వెళ్ళి, పక్కగది తలుపు దగ్గర ఆగి, తమకు తోచిన పేరు చెప్పి వచ్చారు. ఓరగా తెరిచిన ఆ తలుపు వెనక కూచుని విన్నది అమోస్. ముగ్గురి నోట వచ్చిన పేరు చీటీకి వెళుతుంది. అలా నాలుగు పేర్లు తేలాయి; ఆ నలుగురిలో ఎవరన్నది చీటీ తేలుస్తుంది. నాలుగోది టైటస్, ఎల్వా భర్త. తలుపు దగ్గర ఆ పేరు చెప్పినవాళ్ళలో ఎల్వా కూడా ఉంది. ఆ సంగతి ఆమెకూ అమోస్‌కూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

చీటీ పడితే బతికినన్నాళ్ళూ బోధకుడే. జీతం ఉండదు. నేర్పేవాళ్ళు ఉండరు. రెండు వందలమంది ముందు కాగితం ముక్క లేకుండా గంటసేపు మాట్లాడాలి. టైటస్ పశువుల డాక్టరుతో కూడా తలూపి పని గడుపుకునే మనిషి.

బండి దిగింది ముగ్గురు. అమోస్, ఇంకో ఇద్దరు పెద్దలు. చీటీకి ముందురోజు నలుగురి ఇళ్ళకూ వెళ్ళి, మొగుడూ పెళ్ళాలను పక్కపక్కన కూచోబెట్టి ప్రశ్నలడగటం ఆనవాయితీ. టైటస్ కొట్టంలోంచి చేతులు కడుక్కుని వచ్చాడు. అత్తగారు ఫియానా పక్కనే ఉన్న తన చిన్నింట్లోంచి ఎవరూ పిలవకుండానే వచ్చి, కుట్టుపని ఒళ్ళో పెట్టుకుని పొయ్యి పక్కన కుర్చీ లాక్కుంది.

"నువ్వు ఉండక్కరలేదు ఫియానా," అన్నాడు అమోస్.

"నా గురించి మీరేం మొహమాటపడకండి. నాకసలు చెవులు సరిగ్గా వినపడవు."

పక్క పొలంలో ఎవరేం అనుకున్నా ఆమె చెవిన పడుతుందని ఆ గదిలో అందరికీ తెలుసు.

ఎల్వా పుదీనా టీ పోసింది, పళ్ళు కూరి కాల్చిన పై కోసి పెట్టింది. ప్రశ్నలు మొదలయ్యాయి. విశ్వాసం గురించి, ఇంట్లో ప్రార్థన గురించి, ఎవరితోనైనా మాటపట్టింపులు ఉన్నాయా అని. టైటస్ ఔననాల్సినచోట ఔనన్నాడు, లేదనాల్సినచోట లేదన్నాడు. అంతకు మించి ఒక్క మాట రాలేదు. పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"ఇంట్లో ఏం చదువుతారు?"

"బైబిలు. పాల రైతుల పత్రిక," అన్నాడు టైటస్. అబద్ధం కాకపోయినా సగమే చెప్పానని తనకే అనిపించినట్టుంది. "ఎల్వా నవలలు చదువుతుంది."

"ఎలాంటి నవలలు?"

"మంచివే," అంది ఎల్వా. "మన విశ్వాసం ఉన్నవాళ్ళ కథలు. ఒకళ్ళనొకళ్ళు ఇష్టపడతారు, ఇంట్లో కష్టాలొస్తాయి, దేవుణ్ణి నమ్ముకుంటారు, చివరికి అంతా సర్దుకుంటుంది."

"ఎన్ని ఉంటాయేమిటి?"

"నూటనలభై."

ఆయన చేతిలో ఫోర్కు గాల్లో ఆగిపోయింది. గుడ్లు కడిగే గదిలో, అట్టపెట్టెల వెనక, గోధుమరంగు కాగితం అట్టలు వేసి అవన్నీ మూడు అరల్లో ఉన్నాయి. వారానికోసారి గుడ్లకొచ్చే ఆడవాళ్ళు పదకొండుమంది. గుడ్ల కింద పుస్తకం పెట్టుకుని వెళతారు, పైవారం దాన్నిచ్చి ఇంకోటి పట్టుకెళతారు.

"ముద్దులున్న పేజీలన్నీ కలిపి నేను స్టేప్లర్ కొట్టేశాను," అంది ఫియానా పొయ్యి పక్కనుంచి. "కాబట్టి పట్టుకెళ్ళినవాళ్ళకు భయం లేదు."

"అవి ఏ పేజీల్లో ఉన్నాయో నీకెలా తెలిసింది?" అన్నాడు ఫోర్కు పట్టుకున్నాయన.

"చదవకుండా ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఎవరో ఒకరు ఆ కష్టం పడాలి కదా."

రెండో పెద్దాయన నవ్వు ఆపుకోవటానికి కిటికీ వైపు తిరిగాడు. మొదటాయన మాత్రం వదల్లేదు.

"ఎవరెవరు తీసుకెళతారు? పేర్లు చెప్పు."

ఎల్వా లేచి ఆయన కప్పులో ఇంకాస్త టీ పోసింది.

"నా భార్య ప్రతి శనివారం ఇక్కడికి గుడ్లకొస్తుంది," అన్నాడు అమోస్ నిదానంగా, టీలోకి చూస్తూ. "మా ఇంట్లో అరవై కోళ్ళున్నాయి."

పేర్ల మాట అక్కడితో ఆగిపోయింది.

అమోస్ కప్పు కింద పెట్టాడు. "రేపు చీటీ టైటస్‌కి పడితే ఆ పుస్తకాలు ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు ఎల్వా. బోధకుడి ఇంటికి గుడ్లకొచ్చినవాళ్ళు గుడ్లే తీసుకెళ్ళాలి. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను."

"ఇంకేమైనా అడ్డు ఉందా? టైటస్ రేపు చీటీ బల్ల దగ్గరికి రాకూడదనటానికి?"

అడిగింది ఇద్దర్నీ. చూసింది ఎల్వానొక్కదాన్నే.

"లేదు," అంది.

అమోస్ ఇంకాస్త సేపు అలాగే చూసి టోపీ అందుకున్నాడు. మిగతా ఇద్దరూ బండి దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, గుమ్మంలో గొంతు తగ్గించాడు.

"తలుపు దగ్గర నేను విన్నది నాతోనే పోతుంది. దాచటం నా వంతు. నీ వంతు కాదు."

*

టైటస్ తిరిగి కొట్టంలోకి వెళ్ళలేదు. ఆ వేళప్పుడు అతను వంటింట్లో కూచోవటం ఎల్వా ఎప్పుడూ చూడలేదు. ఫియానా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కుట్టుపని చంకన పెట్టుకుని తన ఇంటికి వెళ్ళిపోయింది.

"ఈ వారమంతా ఒకటి ఆలోచిస్తున్నాను," అన్నాడు టైటస్. "ముగ్గురు చెప్పాలి కదా, పేరు రావాలంటే."

"అవును."

"రెండు వందలమందిలో ముగ్గురికి నేను గుర్తొచ్చాను. బళ్ళో వాక్యం చెప్పమని నిలబెడితే నోరు పెగలక ఏడ్చినవాణ్ణి. ఆదివారం పేరు చదవగానే పారిపోదామనిపించింది. సోమవారం పాలు పితుకుతుంటే తట్టింది. ముగ్గురు అనుకున్నారంటే ఊరికే అనుకోరు కదా? నాకు కనపడనిదేదో వాళ్ళకు కనపడి ఉంటుంది." వేళ్ళు మడిచాడు. "ఒకడు లీరాయ్ హూవర్. ఇంకొకాయన ముసలి ఈనోస్, నేనంటే ఆయనకు మొదట్నుంచీ ఇష్టం. మూడో మనిషెవరో అంతు పట్టటం లేదు. నీకేమైనా తోస్తుందా?"

ఇన్ని మాటలు ఒక్కసారి అతని నోట ఎల్వా విని ఏళ్ళయింది. అతని ముఖంలో దాచుకోలేని సంతోషం ఉంది. ఊరుకుంటే ఆ ముఖం అలాగే ఉంటుంది. ఊరుకోవటం చాలా తేలిక.

"మూడో మనిషి నేనే," అంది.

"ఏంటి?"

"తలుపు దగ్గర నీ పేరు నేను చెప్పాను టైటస్."

అతను మడిచిన వేళ్ళు విప్పాడు. "సొంత మొగుడి పేరా? అలా ఎవరైనా చెబుతారా?"

"చెప్పరు."

ఏ ఇల్లాలూ చెప్పదు. మొగుణ్ణి బోధకులు కూచునే ముందు బెంచీ ఎక్కించాలని ఉబలాటపడుతోందంటారు.

"మరెందుకు చెప్పావు?"

ఎల్వా దాచకుండా చెప్పింది. ఆ ముందు వారం ఒక నవల చదివింది. అందులో భార్య తనకు ప్రాణమైన భర్తను దేవుడికి అర్పించాలని, తలుపు దగ్గర అతని పేరే చెబుతుంది. చీటీ వేరేవాళ్ళకు పడుతుంది. ఆ రోజు సాయంత్రం ఆమె భర్తకు అంతా చెబుతుంది, ఇద్దరూ ఏడుస్తారు, దేవుడు తన మనిషిని తనకే తిరిగి ఇచ్చాడని ఆమె మోకాళ్ళ మీద పడుతుంది. ఎల్వాకి అది చదివి రెండు రోజులు గుండె నిండుగా ఉంది.

"ఇంకెవరూ నీ పేరు చెప్పరనుకున్నాను," అంది. "నా ఒక్క మాటతో ఏమీ కాదు కదా అనుకున్నాను. అర్పించినట్టూ ఉంటుంది, పోగొట్టుకోవటమూ ఉండదు."

"ఆ పుస్తకం తే."

"ఎందుకు టైటస్..."

"తే."

తెచ్చి, ఆ చోటు తీసి ఇచ్చింది. టైటస్ నిలబడి, పంక్తి కింద వేలు పెట్టుకుని, చిన్నపిల్లలు చదివినట్టు కూడబలుక్కుంటూ పైకి చదివాడు. "అతను... నోరు తెరిస్తే... కోతకొచ్చిన చేను కూడా... ఊగటం మాని వినేది." వేలు తీశాడు. "ఎవరితను?"

"అందులో భర్త."

"నేను కాదు కదా."

"కాదు."

"తలుపు దగ్గర నిలబడి పేరు చెప్పినప్పుడు నీ కళ్ళముందు ఎవరున్నారు ఎల్వా? నేనా, ఇతనా?"

అతని గొంతులో కోపం లేదు. ఆవు ఎప్పుడు ఈనిందని అడిగినట్టు అడిగాడు. తెలియాలి కాబట్టి అడిగాడు. ఇందాక పెద్దల ముందు ఒక అబద్ధం ఆడింది. ఇంకొకటి ఆడలేకపోయింది.

"అతనే," అంది.

టైటస్ పుస్తకం మూసి, బల్ల మీద తడి లేనిచోట పెట్టాడు. టోపీ పెట్టుకున్నాడు.

"అమోస్ ఇంటికి వెళుతున్నా. పాలవేళకి వస్తాను."

బండి దారి దాటకముందే ఫియానా గుమ్మంలో ఉంది.

"మీ మామగారి పేరు నేను ఒక్కసారి కూడా చెప్పలేదు," అంది. "మూడుసార్లు చీటీలు వేశారు, మూడుసార్లూ పక్క ఊరి వడ్రంగి పేరు చెప్పి వచ్చాను. నాకు మొగుడు ఇంట్లో కావాలి."

"అంతా విన్నారా అమ్మా?"

"ఏమో, నాకు చెవులు వినపడవు కదా." ఆపిల్ గిన్నె ముందుకు లాక్కుని, ఎల్వా వదిలేసిన ముక్క అందుకుని చెక్కు తీయటం మొదలుపెట్టింది. "నిజం చెప్పావు. ఇప్పుడు దాంతో ఏం చెయ్యాలో వాడికి తెలియదు. నీకూ తెలియదు. కూచో."

*

సాయంత్రానికి నలుగురు ఆడవాళ్ళు గుడ్లు అక్కర్లేకుండానే వచ్చి పుస్తకాలు ఇచ్చి వెళ్ళారు. బిషప్ బండి వచ్చి వెళ్ళిన సంగతి అంత తొందరగా పాకింది. ఆఖరున వచ్చింది వెర్నా హూవర్, లీరాయ్ భార్య.

"మిగతావాళ్ళలా భయపడి ఇచ్చెయ్యటం లేదు," అంది వెర్నా. "ఇది నాకు నచ్చలేదు, అందుకని ఇస్తున్నా."

"చివర బాగుంటుందే."

"చివరిదాకా వెళితే కదా. బిడ్డ పోయిన తల్లి దగ్గరికి అందరూ వచ్చి మంచిమాటలు చెబుతూ ఉంటారు. నలభై పేజీలు ఎల్వా! నలభై పేజీలు మాట్లాడతారు. ఆవిడ లేచి ఒక్కడి మీదైనా చీపురు విసరదు." వెర్నా పుస్తకాన్ని అరలో తోసింది. "మా పాప పోయినప్పుడు మా ఇంట్లోనూ అదే. వచ్చినవాళ్ళంతా దేవుడెందుకు తీసుకెళ్ళాడో నాకు వివరంగా చెప్పి, పెట్టింది తిని వెళ్ళేవాళ్ళు. ఏమీ చెప్పనివాడు టైటస్ ఒక్కడే."

"టైటస్ ఎప్పుడు ఏం చెప్పాడు గనక."

"చెప్పకపోవటం వేరు ఎల్వా, నోరుమూసుకుని పక్కన ఉండటం వేరు. ఆరు వారాలు తెల్లారేసరికి మా కొట్టంలో ఉన్నాడు. లీరాయ్ అప్పుడు ఎవరి ముఖమూ చూసేవాడు కాదు, అన్నం ముట్టేవాడు కాదు. మూడో రోజో నాలుగో రోజో లేచి కొట్టంలోకి వెళ్ళాడు. టైటస్ తలెత్తి చూసి ఇంకో పీట కాలితో ఇటు తోశాడట, అంతే. ఆ రోజు నుంచీ ఇద్దరూ పక్కపక్కన కూచుని పితికేవాళ్ళు. ఒకరోజు లీరాయ్ ఆవు పొట్టకి తల ఆనించి గంటసేపు ఏడ్చాడట. టైటస్ కదల్లేదు, వెళ్ళిపోనూ లేదు. ఆ పూట లీరాయ్ ఇంట్లోకొచ్చి రొట్టె పెట్టమన్నాడు."

వెర్నా వెళ్ళిపోయాక ఎల్వా గుడ్ల గదిలోనే ఉండిపోయింది. టైటస్ ఆ ఆరు వారాలూ హూవర్ల ఇంటికి వెళ్ళిన సంగతి ఆమెకు తెలుసు. తిరిగొచ్చాక కాఫీ కూడా ఇచ్చేది. అక్కడ ఏం జరిగిందని ఒక్కరోజూ అడగలేదు. పాలు పితికి ఉంటాడు, ఇంకేముంటుంది అనుకుంది. ఆ ఆరు వారాల్లో ఆమె నాలుగు నవలలు పూర్తిచేసింది.

టైటస్ చెప్పినట్టే పాలవేళకి వచ్చాడు. ఎల్వా రెండో బకెట్ తీసుకుని అతని వెనకే కొట్టంలోకి నడిచింది.

"అమోస్ ఏమన్నాడు?"

"పేరు తీసెయ్యనన్నాడు. పేరు దేవుడి ముందు పెట్టేశాం, ఎవరి నోటి నుంచి ఎందుకొచ్చిందో నేను వెతకను అన్నాడు. రేపు బల్ల దగ్గరికి వస్తావో రావో నీ ఇష్టమన్నాడు."

"వెళతావా?"

"తెలియదు."

"టైటస్, ఇందాక వెర్నా వచ్చింది..."

"ఇప్పుడొద్దు ఎల్వా." పీట లాక్కుని కూచున్నాడు. "ఈ పూట ఇంకొకళ్ళ మాటలు నాకు వద్దు."

ఆమె చెప్పలేదు.

*

ఆదివారం సంఘమంతా వచ్చింది. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. ఎల్వా రెండో వరసలో, పక్కన ఫియానా. ముందున్న బల్ల మీద ఒకేలాంటి పాటల పుస్తకాలు నాలుగు నిలబెట్టారు. నాలుగింటికీ ఒకే రంగు దారం కట్టి ఉంది. వాటిలో ఒకదాంట్లో చీటీ ఉంది. ఎందులో ఉందో పెట్టినవాళ్ళకు కూడా తెలియకుండా ఇంకో గదిలోకి పట్టుకెళ్ళి వరస మారుస్తారు.

అమోస్ ప్రార్థన ముగించి, వయసు వరసలో రమ్మన్నాడు. మొదటాయన లేచి ఎడమ చివరిది తీసుకున్నాడు. రెండో ఆయన మధ్యది. మార్లిన్ అనే మూడో అతను కుడి చివరిది తీసుకున్నాడు. ముగ్గురూ ముందు బెంచీ మీద కూచున్నారు.

నాలుగోవాడు టైటస్. అతను లేవలేదు.

బల్ల మీద పుస్తకం ఒక్కటే ఉంది. ఎవరో దగ్గారు. ఎవరిదో చంటిపిల్ల గొణిగితే తల్లి బయటికి తీసుకెళ్ళింది. అమోస్ తొందరపెట్టలేదు. టైటస్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. తరవాత తలెత్తి, నడుమనున్న దారి మీదుగా ఆడవాళ్ళ వైపు చూశాడు. ఆరాధన మధ్యలో మగవాళ్ళెవరూ అలా చూడరు.

నిన్నటి ప్రశ్నే మళ్ళీ అడుగుతున్నాడని ఎల్వాకి తెలిసింది. భుజాల దగ్గర బిగుతైన కోటు, అద్దం లేకుండా దువ్వుకున్న జుట్టు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చేతులు. పేజీల్లో ఎక్కడా లేని మనిషి. లీరాయ్ వైపు పీట తోసిన మనిషి. ఆమె అతని కళ్ళలోకి చూసి, ఒక్కసారి తలూపింది.

టైటస్ లేచి వెళ్ళి మిగిలిన పుస్తకం తీసుకున్నాడు.

అమోస్ మొదటాయన ముందు ఆగాడు. దారం విప్పి తెరిచాడు. ఏమీ లేదు. మూసి ఇచ్చేశాడు. రెండోదీ అంతే. మార్లిన్ పుస్తకం తెరవటానికి ఎక్కువసేపు పట్టింది, ముడి బిగుసుకుపోయింది. ఆడవాళ్ళలో మార్లిన్ భార్య కళ్ళు మూసుకుంది. అమోస్ పేజీలు రెండుసార్లు తిప్పాడు. పుస్తకం మూశాడు.

ఇంక తెరవాల్సింది ఒక్కటే. ఏముందో అందరికీ తెలిసిపోయింది. ఫియానా చెయ్యి వచ్చి ఎల్వా మణికట్టు పట్టుకుంది. అమోస్ టైటస్ ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

టైటస్ పుస్తకం ఇవ్వలేదు. పొట్టకి హత్తుకుని లేచి నిలబడ్డాడు.

"అమోస్," అన్నాడు. గొంతు చీరుకుపోయి వచ్చింది. అయినా ఆఖరి వరస దాకా వినపడింది. "ఇది తెరవకముందు సంఘానికి ఒక మాట చెప్పాలి. నా పేరు ఇక్కడిదాకా ఎలా వచ్చిందో."

రెండు వందల తలలు అతని వైపు తిరిగాయి. ఎల్వా తన మణికట్టు మీది చేతిని నెమ్మదిగా విడిపించుకుంది.

"కూచో," అంది ఫియానా పళ్ళ మధ్య నుంచి. "పిచ్చిదానా, కూచో."

ఎల్వా లేచి నిలబడింది. "అది చెప్పాల్సింది నేను," అంది.